సుఖవ్యాధితో వచ్చిన మనిషిని నర్సు ఎలా చూసుకోవాలి? మొదటి పలకరింపు నుంచి ఏడో రోజు దాకా

"సిస్టర్, కొంచెం వేడి చేసింది. సెలైన్ ఏమైనా పెడతారా?"

ముప్పై ఏళ్ల మనిషి ఓపీ చీటీని నలుపుతూ, కళ్లలోకి చూడకుండా ఈ మాట అడిగితే సెలైన్ స్టాండు వైపు వెళ్లకండి. కుర్చీ చూపించండి. మన దగ్గర సుఖవ్యాధి అని పేరు పెట్టుకుని ఎవరూ రారు. మగవాళ్లకు వేడి చేస్తుంది, మూత్రంలో మంట పుడుతుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆడవాళ్లకు తెల్లబట్ట అవుతుంది, నడుం లాగుతుంది. బాగా పెద్దవాళ్లయితే సెగ (గనోరియా) అనో సవాయి (సిఫిలిస్) అనో అంటారు. ఈ మాటల వెనక ఏముందో వినగలిగితే పని సగం అయినట్టే.

పీహెచ్‌సీలోనో, ఏరియా ఆసుపత్రిలోనో, సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లోనో కొత్తగా డ్యూటీ పడిన స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. మందు రాసేది డాక్టరు. ఆ మందు పూర్తిగా మింగుతాడా, భార్యను వెంట తెస్తాడా, మళ్లీ మన గడప తొక్కుతాడా అన్నది చాలావరకు మన చేతిలో ఉంటుంది. కింద చెప్పే ప్రతి పనినీ నేను ఒకే ప్రశ్నతో తూచుకుంటాను. ఏడో రోజు ఈ మనిషి తిరిగి వస్తాడా?

1. ముందు గది సంగతి చూడండి

నేను కొత్తగా పనిచేసిన ఒక ఆసుపత్రిలో అటెండరు వరండాలోకి వచ్చి "సుఖవ్యాధులోళ్లు లోపలికి రండి" అని కేకేసేవాడు. ఒకరోజు బెంచీ మీద నలుగురున్నారు. ఒక్కరూ లేవలేదు. ఒకతను మెల్లగా చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. అతని చీటీ బెంచీ మీదే ఉండిపోయింది. దాని మీద ‘మూత్రంలో చీము, 4 రోజులు’ అని రాసి ఉంది. అతను ఆ తర్వాత ఏ మెడికల్ షాపులో ఏం కొనుక్కున్నాడో, ఇంట్లో ఎవరికి అంటించాడో నాకు తెలియదు. ఆ రోజు నుంచి టోకెన్ నంబరుతోనే పిలవమన్నాను.

తలుపు మూయండి. తలుపు లేకపోతే కర్టెన్ కట్టండి. రిజిస్టరు తెరిచి బల్ల మీద వదలకండి, ముందు వచ్చినవాళ్ల పేర్లు తర్వాతివాళ్లకు కనబడతాయి. వెంట వచ్చినవాళ్లను, భార్య అయినా అత్తగారు అయినా, కాసేపు బయట కూర్చోబెట్టండి. "పరీక్ష చేయాలమ్మా, ఐదు నిమిషాలు" అంటే ఎవరూ ఎదురు చెప్పరు. ఆడవాళ్లను మగ డాక్టరు పరీక్ష చేస్తుంటే మీరు గదిలోనే ఉండాలి.

2. అడగాల్సినవి అడగండి, తీర్పు చెప్పకండి

మొదటి మాట ఇలా ఉంటే బాగుంటుంది: "ఇక్కడికి వచ్చే అందర్నీ ఇవే ప్రశ్నలు అడుగుతానన్నా. సరైన మందు ఇవ్వడానికే. ఇక్కడ చెప్పింది గది దాటదు." అందర్నీ అడుగుతాను అన్న మాట వినగానే మనిషి భుజాలు కిందికి దిగడం మీకే కనిపిస్తుంది.

ఆ తర్వాత బాధ ఎప్పుడు మొదలైంది, పుండు ఉందా, ఉంటే నొప్పి ఉందా, చీము కారుతోందా అని మొదలుపెట్టి కలయిక దగ్గరికి రండి. చివరిసారి ఎప్పుడు కలిశారు? గత మూడు నెలల్లో ఎంతమందితో? ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనూనా? నోటితో, వెనక దారిలో కలవడం ఉందా? నిరోధ్ వాడారా? ఈ ప్రశ్నలు మొదట్లో మన నోటికే అడ్డం పడతాయి. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చదువుకోండి, సిగ్గు పోతుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను.

"పెళ్లయిందా?" అన్నది "కలయిక ఉందా?"కు బదులు ప్రశ్న కాదు. "తప్పు పని ఏమైనా చేశావా?" అని అడిగితే లేదనే చెబుతాడు, అక్కడితో ఆ కేసు చెడినట్టే. లారీ డ్రైవరు కాబట్టి, గల్ఫ్ నుంచి వచ్చాడు కాబట్టి అని ముందే రాసేసుకోవడం కూడా మానండి. చదువుకున్న ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు, గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లని ఇల్లాళ్లు, అందరూ ఈ కుర్చీలో కూర్చుంటారు.

ఆడవాళ్లను చివరి నెలసరి తేదీ తప్పకుండా అడగాలి. పెన్సిలిన్ పడకపోవడం ఉందా, షుగర్ ఉందా, ఇప్పటికే ఆర్‌ఎంపీ దగ్గరో షాపులోనో ఏం వాడారు అన్నవి అందర్నీ అడగాలి. జేబులో ఉన్న ఖాళీ స్ట్రిప్ తీయించండి. చాలాసార్లు అది సగం కోర్సు యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ కూడా అయి ఉంటుంది. పుండు అసలు రూపు దానితో మారిపోతుంది.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల వస్తే దారి వేరు. 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత మన మీద ఉంది. ఆ సంగతి పిల్లకు మెత్తగా ముందే చెప్పండి, డాక్టరుకు వెంటనే చెప్పండి. కేసు కాగితాల కోసం వైద్యం ఆపకూడదు.

రోగమే లేకుండా వచ్చేవాళ్లు కూడా కొందరు ఉంటారు. ధాతువు పోతోందని, నిద్రలో అయిపోతోందని భయపడి ఒళ్లు చిక్కిపోయిన కుర్రాళ్లు. వాళ్లను నవ్వి పంపకండి. అది జబ్బు కాదని తీరిగ్గా చెప్పండి. మనం చెప్పకపోతే గోడల మీద ప్రకటనలు రాయించుకునేవాళ్లు వేలకు వేలు గుంజుతారు.

3. పరీక్షకు సిద్ధం చేయడం

ఏం చేయబోతున్నామో ముందు చెప్పి, సరేనన్నాకే దుప్పటి తీయండి. మగవాళ్లయితే ముందోలును వాళ్లనే వెనక్కి లాక్కోమనండి. చీము ఒక్కోసారి డాక్టరు కొద్దిగా ఒత్తితేగానీ కనిపించదు, మూత్రంతో కొట్టుకుపోతుంది కూడా కాబట్టి, వచ్చే ముందే మూత్రానికి వెళ్లొచ్చారేమో అడగండి. ఆడవాళ్లకు స్పెక్యులం పెట్టేటప్పుడు శాంపిల్ తీయాల్సి ఉంటే జెల్లీ వద్దు, గోరువెచ్చని నీళ్లతో తడిపితే చాలు. వాడిన స్పెక్యులం 0.5 శాతం బ్లీచింగ్ ద్రావణంలో 10 నిమిషాలు, తర్వాత సబ్బుతో కడగడం, ఆపై ఆటోక్లేవ్. వరస తప్పకూడదు.

మీ ముఖం జాగ్రత్త. వాసన వచ్చినా, పులిపిర్లు గుత్తులుగా ఉన్నా కనుబొమ్మ కదలకూడదు. మాస్కు పైన ఉండే కళ్లను కూడా వాళ్లు చదువుతారు.

4. కిట్టు చేతికిచ్చే ముందు

ప్రభుత్వ క్లినిక్‌లలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) వాళ్ల రంగు మందుల కిట్లు ఉంటాయి. లక్షణాల గుంపును బట్టి రంగు. మూత్రనాళంలో చీముకు, గర్భాశయ ముఖద్వారం వాపుకు బూడిద రంగు 1వ కిట్టు: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. తెల్లబట్టకు ఆకుపచ్చ 2వది. నీటిపొక్కులు లేని పుండుకు తెల్ల 3వ కిట్టు, పెన్సిలిన్ పడనివాళ్లకు నీలం 4వది. నీటిపొక్కులుండే హెర్పిస్ పుండుకు ఎరుపు 5వది, పొత్తికడుపు నొప్పికి పసుపు 6వది, గజ్జల్లో గడ్డకు నలుపు 7వది. మార్గదర్శకాలు మారినప్పుడల్లా లోపలి మందులూ మారవచ్చు కాబట్టి నా మాటకన్నా మీ గోడ మీదున్న తాజా చార్టు, డాక్టరు చీటీ ముఖ్యం.

ఒక్క మోతాదుతో అయిపోయే మందును మీ ఎదురుగానే మింగించండి. "ఇంటికెళ్లి వేసుకుంటాలే సిస్టర్" అన్న మాత్ర చొక్కా జేబులోనే ఉతుకుడుకు వెళ్తుంది. పొత్తికడుపు నొప్పి కోర్సు 14 రోజులు. మూడో రోజుకే నొప్పి తగ్గుతుంది, నాలుగో రోజు నుంచి మానేస్తారు. ఆ సంగతి ముందే చెప్పండి: "మూడు రోజుల్లో హాయిగా ఉంటుందమ్మా. అప్పుడే మానేయాలనిపిస్తుంది. మానకు." డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, గర్భిణికి ఇవ్వకూడదు. మెట్రోనిడజోల్, సెక్నిడజోల్ వాడుతున్నప్పుడు మద్యం తాగొద్దని మగవాళ్లకు గట్టిగా చెప్పండి. మూత్రం కాస్త ముదురు రంగులో వచ్చినా, నోరు చేదుగా ఉన్నా భయపడొద్దనీ చెప్పండి.

ఇక తెల్ల కిట్టులోని బెంజథైన్ పెన్సిలిన్. సిఫిలిస్‌కు ఇంతకు మించిన మందు ఇంకా రాలేదు. 24 లక్షల యూనిట్లు, కండలోకి లోతుగా, పిరుదుకు సగం చొప్పున రెండు వైపులా వేయడం మేలు. పొడి బాగా కలిసేదాకా సీసాను ఆడించండి. ఇది చిక్కటి మందు, సూది ఇట్టే మూసుకుపోతుంది. అందుకే 21 గేజ్ సూదితో, ఎక్కించడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకుండా, ఒకే వేగంతో నెమ్మదిగా. గుచ్చాక వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోండి. ఈ మందు రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అడ్రినలిన్ ఆంపుల్ ట్రేలో ఉందని, తేదీ దాటలేదని చూడకుండా సీసా మూత తీయకండి. పెద్దవాళ్లకు 1:1000 బలం అడ్రినలిన్ 0.5 మిల్లీలీటరు తొడ బయటి వైపు కండలో వేయాలన్నది నిద్రలో లేపినా గుర్తుండాలి. ఇంజెక్షన్ అయ్యాక అరగంట కూర్చోబెట్టండి. ఆ అరగంట వృథా కాదు, కౌన్సెలింగ్‌కు అంతకన్నా మంచి సమయం దొరకదు.

పంపే ముందు ఇంకొక్క మాట. సిఫిలిస్‌కు ఈ ఇంజెక్షన్ పడ్డాక మొదటి 24 గంటల్లో కొందరికి చలిజ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. క్రిములు ఒక్కసారిగా చావడం వల్ల వచ్చేది, పారాసిటమాల్‌తో తగ్గిపోతుంది. చెప్పకుండా పంపితే మాత్రం మందు పడలేదని అనుకుంటారు, మరోచోట అడిగితే పెన్సిలిన్ పడదని చెప్పేస్తారు. అలా చీటీ మీద ఎర్రసిరాతో ఎక్కిన అలర్జీ జీవితాంతం వెంట ఉంటుంది.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే కడుపులో బిడ్డను కాపాడేది పెన్సిలిన్ ఒక్కటే. కాన్పుకు కనీసం 30 రోజుల ముందైనా అందాలి. అందుకే మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ పరీక్ష కూడా జరిగిందా అని కార్డు తిప్పి చూడండి. పెన్సిలిన్ పడదని గట్టి ఆధారం ఉంటే వేరే మందుతో సరిపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపాలి. ఇంజెక్షన్ ఇచ్చిన రోజు జ్వరంతో పాటు నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే రమ్మనండి.

మీకే సూది గుచ్చుకుంటే? పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి అదే గంటలో డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

5. "ఎవరి వల్ల వచ్చింది సిస్టర్?"

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పకండి, ఎందుకంటే మీకు తెలియదు. క్లమీడియా, గనోరియా చాలామంది ఆడవాళ్లలో ఏ లక్షణమూ లేకుండా ఉంటాయి. హెర్పిస్ ఎప్పుడో ఒంట్లో చేరి ఏళ్ల తర్వాత మొదటిసారి పొక్కవచ్చు. సిఫిలిస్ పుండు అంటిన 10 రోజుల నుంచి 90 రోజుల్లోపు ఎప్పుడైనా కనిపిస్తుంది, ఏ మందూ వేయకపోయినా మానిపోయి లోపల దాక్కుంటుంది. పెరుగు విరిగినట్టు తెల్లగా వచ్చి దురదపెట్టేది తరచుగా కాండిడా ఫంగస్. షుగరున్నవాళ్లకు, గర్భిణులకు, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు కలయికతో పని లేకుండానే వస్తుంది. ఈ తేడా తెలియక "మీ ఆయన్ని జాగ్రత్తగా చూసుకో" అని ఎవరో అన్న ఒక్క మాటకు పుట్టింటికి చేరిన ఇల్లాలిని నేను చూశాను. ఆమెకు ఉన్నది ఫంగస్. మూడు రోజుల మందు.

నేనైతే ఇలా అంటాను:

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదమ్మా. ఇప్పుడు ఇద్దరికీ మందు పడిందా లేదా అన్నదే లెక్క. నీకొక్కదానికే ఇస్తే మళ్లీ ఆయన నుంచి నీకే వస్తుంది."

"ఆయన రాడు సిస్టర్. కొడతాడు."

ఇక్కడ ఆగండి. "నచ్చజెప్పి తీసుకురా" అని తేలిగ్గా అనేయకండి. ఇంట్లో చెబితే ప్రమాదమా అని నేరుగా అడగండి. ప్రమాదమే అయితే భర్త సంగతి తర్వాత, ముందు ఆమెకు పూర్తి వైద్యం. మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రం గురించి చెప్పండి. నంబరు కాగితం మీద రాసి ఇవ్వకండి, ఆ కాగితం దొరికితే ఇంకో గొడవ. నోటితో రెండుసార్లు అనిపించండి.

చెప్పగలిగే పరిస్థితి ఉన్నవాళ్లకు భాగస్వామిని వైద్యానికి రమ్మని పిలిచే కార్డు ఇవ్వండి. దాని మీద జబ్బు పేరు ఉండకూడదు. ఏం చెప్పాలో కూడా అక్కడే ఒకసారి అనిపించి చూడండి. "నాకు ఇన్ఫెక్షన్ వచ్చింది, నీకూ మందు వాడమన్నారు, రేపు వెళ్దాం" అన్నంత చిన్న మాట చాలు. ధైర్యం చాలకపోతే "ఇద్దరూ రండి, నేను చెబుతాను" అనండి. అలా వచ్చిన భార్యతో విడిగా మాట్లాడండి, భర్త ఒప్పుకున్నంత మేరకే చెప్పండి. తెల్లబట్టకు మాత్రం ప్రతిసారీ మగవాడికి మందు అక్కర్లేదు. అతనికి దురద, మంట ఉన్నాయా, ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి అని అనుమానమా అన్నది చూసి డాక్టరు నిర్ణయిస్తారు.

6. హెచ్‌ఐవీ పరీక్ష మాట ఎలా ఎత్తాలి

పుండుగానీ వాపుగానీ ఉన్నచోట హెచ్‌ఐవీ తేలిగ్గా అంటుతుంది. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. కాబట్టి ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించమని చెప్పాలి. చెప్పాలి, బలవంతపెట్టకూడదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. "మీ మీద అనుమానంతో కాదు, ఈ ఇబ్బందితో వచ్చిన అందరికీ చేస్తాం" అంటే ఎక్కువమంది ఒప్పుకుంటారు. హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష జరిగే ఐసీటీసీ గదిని వేలితో చూపించి పంపకండి, వెంట వెళ్లి కౌన్సెలర్‌కు అప్పగించి రండి. ఆ యాభై అడుగుల్లో తప్పిపోయేవాళ్లు చాలామంది. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి. ఇంటికెళ్లాక సందేహాలొస్తే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

7. నిరోధ్ ఇవ్వడమే కాదు, చూపించండి

గుప్పెడు ప్యాకెట్లు చేతిలో పోసి పంపితే కౌన్సెలింగ్ అయిపోయినట్టు కాదు. చెక్క మోడల్ బయటికి తీయండి. తేదీ చూడటం, ప్యాకెట్‌ను పళ్లతో కాకుండా అంచు దగ్గర వేళ్లతో చింపడం, కొసను నొక్కి గాలి తీసి చివరిదాకా దించడం, అయ్యాక మెత్తబడకముందే మొదలు పట్టుకుని తీయడం, ముడివేసి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయడం. మీరు ఒకసారి, తర్వాత వాళ్లు ఒకసారి. కొబ్బరినూనె రాస్తే రబ్బరు పాడై చిరుగుతుందని మన దగ్గర తప్పకుండా చెప్పాలి. "నిరోధ్ వాడినా చిరిగిపోయింది" అన్నవాళ్లను తరచి అడిగితే చాలాసార్లు నూనె సీసా బయటపడుతుంది. పర్సులో నెలల తరబడి పెట్టుకున్నదీ అంతే.

ఒక్క మోతాదు మందు వేసుకున్నవాళ్లు ఏడు రోజులు, కోర్సు ఉన్నవాళ్లు అది పూర్తయ్యేదాకా, ఆ పైన భాగస్వామి మందు కూడా ముగిసేదాకా కలవకూడదు. ఏడు రోజులు ఆగలేనన్న మనిషితో వాదించకండి, ఆ ఏడు రోజులూ నిరోధ్ అయినా వాడమనండి.

8. ఏడో రోజు

పంపేటప్పుడే తేదీ, వారం చెప్పండి. "వారం తర్వాత" అనకుండా "వచ్చే గురువారం పొద్దున, నేనే ఉంటాను" అనండి. ఈలోగా జ్వరంతో పొత్తికడుపు నొప్పి పెరిగినా, నెలసరి తప్పినా, మగవాళ్లకు వృషణం ఒక్కసారిగా వాచి తీవ్రంగా నొప్పెట్టినా ఆగకుండా రమ్మనండి. ఆ చివరిది వృషణం మెలి పడటం కావచ్చు, గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన సంగతి.

వచ్చినప్పుడు మొదట ఖాళీ స్ట్రిప్ చూడండి. తర్వాత భాగస్వామికి మందు పడిందా, మధ్యలో కలిశారా అని అడగండి. ఈ రెండూ సరిగ్గా ఉండీ చీము ఆగకపోతే డాక్టరుకు ఆ మాటే చెప్పండి. గనోరియా మందులకు మొండికేస్తోంది కాబట్టి అలాంటివాళ్లను కల్చర్ పరీక్షకు పంపాలి. అదే కిట్టు మళ్లీ ఇవ్వడం వైద్యం కాదు. సిఫిలిస్‌వాళ్లకు ఆర్‌పీఆర్ (మందు పనిచేసిందో లేదో అంకెతో చూపే రక్తపరీక్ష) 3, 6, 12 నెలలకు చేయించి అంకె తగ్గుతోందో లేదో చూడాలి. 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు.

రాకపోతే? మొదటి రోజే "ఫోన్ చేయొచ్చా, ఏ నంబరుకు, ఏ టైముకు?" అని అడిగి ఉంటారు కదా, ఆ టైముకే చేయండి. ఆసుపత్రి పేరుగానీ జబ్బు పేరుగానీ ముందు ఎత్తకండి, ఎత్తింది ఆ మనిషేనని తేలాకే మాట్లాడండి. వేరేవాళ్లు ఎత్తితే "మళ్లీ చేస్తానండీ" అని పెట్టేసి, మర్నాడు అదే టైముకు ఇంకోసారి చేయండి.